పెడల్ స్టీల్‌కి ఏ కడ్డీ? బలం సంగతి తర్వాత, ముందు తిన్నగా ఉందో లేదో చూడండి

పెడల్ స్టీల్ గిటార్ అంటే పాదంతో పెడల్స్, మోకాలితో మీటలు కదిపి తీగల శ్రుతి మార్చుతూ వాయించేది. పైనుంచి చూస్తే వాయిద్యం, తిరగేసి చూస్తే యంత్రం. పైన పది తీగలు. కింద వాటి కోసం డజనుకు పైగా సన్నని కడ్డీలు, అడ్డ ఇరుసులు, వాటికి బిగించే బెల్ క్రాంకులనే చిన్న మీటలు, స్ప్రింగులు. పెడల్ తొక్కగానే అడ్డ ఇరుసు తిరుగుతుంది. దానికి బిగించిన బెల్ క్రాంకు కడ్డీని ఎడమవైపు లాగుతుంది. కడ్డీ కుడి చివర, తీగల బిగువు మార్చే చేంజర్ అనే భాగంలో ఉన్న ఫింగర్ అనే చిన్న లోహపు మీటను తిప్పుతుంది. దాని వీపు మీదుగా పోయే తీగ బిగుసుకుంటుంది, శ్రుతి పెరుగుతుంది. శ్రుతి దించాలంటే ఫింగర్‌లో కత్తెరలా అమర్చిన రెండో ముక్కను ఇంకో కడ్డీ లాగుతుంది, తీగ వదులవుతుంది. ఎక్కించడానికైనా దించడానికైనా కడ్డీ చేసే పని లాగడమే కాబట్టి ఈ ఏర్పాటును ఆల్ పుల్ అంటారు. ఇప్పుడు తయారయ్యే గిటార్లలో ఎక్కువభాగం ఈ రకమే.

ఈ కడ్డీలు దేనితో చేయాలి? పాత గిటార్ బాగుచేసేవాళ్ళూ, కొత్తది సొంతంగా కట్టుకునేవాళ్ళూ ఇక్కడే ఎక్కువసేపు ఆగిపోతారు. టైటానియం మంచిదా, పియానో వైరు మంచిదా, కార్బన్ ఫైబర్ అయితే స్వరం మారుతుందా అని వాదనలు నడుస్తుంటాయి. ఆ వాదనల్లో చాలావాటికి అసలు పనితో సంబంధం లేదు. చిన్న లెక్క వేస్తే తెలిసిపోతుంది.

పెడల్ స్టీల్‌కి మామూలుగా వాడే ‘ఈ9’ (E9) అనే ట్యూనింగ్‌లో మూడో తీగ తీసుకుందాం. మందం 0.011 అంగుళాలు, స్వరం జీ షార్ప్, 415 హెర్ట్జ్. స్కేలు, అంటే తీగ మోగే పొడవు, 24 అంగుళాలు. ఈ తీగలో బిగువు దాదాపు 123 న్యూటన్లు. ‘బీ’ (B) అనే పెడల్ దాన్ని ‘ఏ’ (A) స్వరానికి ఎక్కిస్తే 138 న్యూటన్లు అవుతుంది. ఫింగర్ మీద తీగ కూర్చునే వంపు ఇరుసుకు ఎంత దూరమో, కడ్డీ రంధ్రం అంతకు రెండింతలు దూరంలో ఉందనుకోండి. కడ్డీ మీద పడేది అందులో సగం, అంటే 70 న్యూటన్లు. ఏడు కిలోల సంచి వేలాడదీసినట్టు.

2.4 మిల్లీమీటర్ల కడ్డీకి అడ్డుకోత వైశాల్యం 4.5 చదరపు మిల్లీమీటర్లు. కడ్డీ చివర నట్టు ఎక్కడానికి థ్రెడ్ వేసిన చోట, థ్రెడ్ అడుగున మిగిలే వైశాల్యం సుమారు 3. అంటే అక్కడ ఒత్తిడి 23 మెగాపాస్కల్. పూర్తిగా మెత్తబరిచిన 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు కూడా శాశ్వతంగా సాగిపోవాలంటే 205 మెగాపాస్కల్ దాకా కావాలి. దాదాపు తొమ్మిదింతల భద్రత ఉందన్నమాట. పియానో వైరు 1,800 మెగాపాస్కల్ దగ్గర తెగుతుందని గొప్పగా చెబుతారు. ఆ బలం ఇక్కడ ఎవరికీ అక్కరలేదు.

మరి సాగడం? 70 న్యూటన్లకు అర మీటరు స్టెయిన్‌లెస్ కడ్డీ 0.04 మిల్లీమీటర్లు సాగుతుంది. ఇత్తడి అయితే 0.08, అల్యూమినియం అయితే 0.11. మూడో తీగ అర్ధస్వరం ఎక్కాలంటే తీగ 0.84 మిల్లీమీటర్లు జరగాలి, కడ్డీ దానికి రెండింతలు, 1.7. అంటే కడ్డీ దగ్గర 0.1 మిల్లీమీటరు తేడా వస్తే చెవికి అది ఆరు సెంట్లు (అర్ధస్వరంలో నూరో వంతు ఒక సెంటు). ఈ సంఖ్యను గుర్తుంచుకోండి, కింద చాలాసార్లు అవసరమవుతుంది. ఈ లెక్కన అల్యూమినియం కడ్డీ సాగుడుకే ఆరేడు సెంట్లు పోవాలి. పోదు. ఎందుకంటే పెడల్ శ్రుతి చేసేదే పెడల్ పూర్తిగా తొక్కి పట్టి. సాగాల్సినంత సాగిన తర్వాతే మీరు కడ్డీ చివర ఉన్న శ్రుతి నట్టు తిప్పుతున్నారు. ప్రతిసారీ అంతే భారం, అంతే సాగుడు. శ్రుతి తప్పేది స్థిరంగా ఉండే సాగుడు వల్ల కాదు, ఒక్కోసారి ఒక్కోలా ఉండే దానివల్ల.

ఇక్కడే ఇంకో అపోహ. పెడల్ తొక్కితే మిగతా తీగలు కొద్దిగా దిగుతాయి, దానికి కడ్డీలను తిడతారు. అది క్యాబినెట్ డ్రాప్. తీగల బిగువు పెరిగినప్పుడు గిటార్ ఒళ్ళే కొద్దిగా వంగడం. తేల్చుకోవడం సులువు. నాలుగో తీగ మీటి ట్యూనర్ మీద చూస్తూ ‘ఏ’, ‘బీ’ పెడల్స్ కలిపి తొక్కండి. మామూలు ఏర్పాటులో ఆ రెండు పెడల్స్ నుంచి నాలుగో తీగకు కడ్డీయే ఉండదు. అయినా ముల్లు కిందికి జరిగితే లోపం చెక్కలోనో ఫ్రేములోనో ఉంది. కడ్డీలు ఎంత ఖరీదైనవి వేసినా అది పోదు.

ఒక్కోసారి ఒక్కోలా ఉండేవి ఏమిటంటే వంపు, రాపిడి, థ్రెడ్ పట్టు, చివరి కొక్కెం, ఎండ. లోహాన్ని ఎంచుకోవాల్సింది వీటిని చూసి.

వంపు

మొదట వంపే ఎందుకంటే, చాలా గొడవలు ఇక్కడివే. అర మీటరు కడ్డీ మధ్యలో అయిదు మిల్లీమీటర్లు వంగి విల్లులా ఉందనుకోండి. ఆ విల్లు పూర్తిగా తిన్నగా సాగితే దాని పొడవు 0.13 మిల్లీమీటర్లు పెరిగినట్టు. పై లెక్కలో ఎనిమిది సెంట్లు. లాగినప్పుడల్లా విల్లు కొంత సాగుతుంది, పక్క కడ్డీకి తగిలితే ఒకలా, తగలకపోతే ఇంకోలా ఆగుతుంది. పెడల్ కింద మెత్తగా, స్పాంజి తొక్కినట్టు అనిపిస్తుంది. కడ్డీ ఏ లోహమైనా సరే, వంకరగా ఉంటే అది కడ్డీ కాదు, బలహీనమైన స్ప్రింగు.

సొంత బరువుకు కుంగడం గురించి భయపడక్కరలేదు. 2.4 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ కడ్డీ అర మీటరు దూరంలో మధ్యన 0.9 మిల్లీమీటర్లే కుంగుతుంది. దానివల్ల పొడవులో వచ్చే తేడా అయిదు మైక్రాన్ల లోపే. తేలికగా ఉంటుంది కాబట్టి అల్యూమినియం కుంగదనుకుంటారు. అది తేలికే గానీ బిరుసు కూడా ఆ మేరకు తక్కువే. రెండూ దాదాపు సమానంగా కుంగుతాయి.

అందుకే చుట్టలుగా అమ్మే ఏ తీగా దీనికి పనికిరాదు. జీఐ వైరు, చుట్టగా వచ్చే పియానో వైరు, రెండింటికీ చుట్ట వంపు ఒంట్లోనే ఉంటుంది. మెత్తటి తీగ అయితే ఒక చివర వైస్‌లో బిగించి, రెండో చివర డ్రిల్లు చక్‌లో పట్టి, లాగుతూ నెమ్మదిగా తిప్పితే తిన్నగా అవుతుంది. కళ్ళకు రక్షణ అద్దాలు లేకుండా ఈ పని చేయొద్దు, చివర జారితే కొరడాలా కొడుతుంది. గట్టి తీగ ఈ పద్ధతికి లొంగదు. మొదటి నుంచీ తిన్నగా, పొడవు ముక్కలుగా వచ్చేదాన్నే కొనడం మేలు.

కొనేటప్పుడు పరీక్ష చాలా తేలిక. దుకాణంలో గాజు బల్ల ఉంటే దానిమీద కడ్డీని దొర్లించండి. తిన్నగా ఉన్నది ఒకే చప్పుడుతో జారిపోతుంది. వంకరది టకటకమంటూ ఎగురుతుంది. మీటరు పొడవు మీద కడ్డీకీ గాజుకీ మధ్య విజిటింగ్ కార్డు దూరే సందు ఉంటే పక్కన పెట్టేయండి.

ఎంత లావు

ఎక్కువగా వాడే కొలత అంగుళంలో 32కు 3 వంతులు, అంటే 2.38 మిల్లీమీటర్లు. కొన్ని గిటార్లలో ఎనిమిదో వంతు అంగుళం, 3.18 మిల్లీమీటర్లు. లావైతే మంచిదే కదా అనిపిస్తుంది. కానీ చేంజర్ దగ్గర తీగకూ తీగకూ మధ్య దూరం తొమ్మిది మిల్లీమీటర్ల లోపే. ఆ వెడల్పులో ఒక్కో ఫింగర్‌కు మూడు ఎక్కించే రంధ్రాలు, రెండు దించే రంధ్రాలు నిలువుగా ఉంటాయి. కడ్డీ చివర ఎక్కే నైలాన్ నట్టు కడ్డీకంటే రెండింతల వెడల్పు. మూడు పెడల్స్, అయిదు మోకాలి మీటలు ఉన్న మామూలు ఈ9 ఏర్పాటులో పదహారు కడ్డీలు అవుతాయి. ‘ఏ’ పెడల్‌కి అయిదు, పది తీగలు. బీకి మూడు, ఆరు. సీకి నాలుగు, అయిదు. ‘ఈ’ (E) స్వరాన్ని ఎక్కించే మీటకు నాలుగు, ఎనిమిది. దించే మీటకు మళ్ళీ అవే నాలుగు, ఎనిమిది. నిలువు మీటకు అయిదు, పది. కుడి మోకాలికి ఒకవైపు ఒకటి, రెండు, మరోవైపు రెండు, తొమ్మిది. ఇన్ని కడ్డీలు ఒకదాన్నొకటి తాకకుండా పోవాలంటే సన్నగా ఉండటమే సుఖం.

ఒక మినహాయింపు ఉంది. కడ్డీ లాగకుండా నెట్టాల్సి వచ్చే ఏర్పాటులో లెక్క తలకిందులవుతుంది. 2.4 మిల్లీమీటర్ల అర మీటరు స్టెయిన్‌లెస్ కడ్డీని చివర్లు పట్టి నెడితే 12 న్యూటన్లకే విల్లులా వంగిపోతుంది. 3.2 మిల్లీమీటర్లకు అది 39 అవుతుంది. పుష్ పుల్ అని పిలిచే పాత ఎమ్మన్స్ గిటార్లను బాగుచేసేవాళ్ళు అసలు కడ్డీ ఎంత లావుందో కొలిచి అంతే వేయాలి. ‘కొత్త గిటార్లలో సన్నగానే ఉన్నాయి కదా’ అని తగ్గించకూడదు. 1957లో వచ్చిన ఫెండర్ 1000లో అయితే కడ్డీల గొడవే లేదు, దానిలో ఉక్కు కేబుళ్ళు. దాని కథ వేరు.

బరువు గురించి ఒక్క మాట. పదహారు కడ్డీలకు సగటున 40 సెంటీమీటర్లు వేసుకుంటే 2.4 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ మొత్తం 230 గ్రాములు. అల్యూమినియం వేస్తే 150 గ్రాములు మిగులుతాయి. అంతకంటే పెట్టెలో పెట్టుకునే తాళాల గుత్తి తీసేయడం నయం.

ఏ లోహం

304 స్టెయిన్‌లెస్ ముందు వరుసలో ఉంటుంది. తుప్పు పట్టదు, చల్లగానే వంగుతుంది, సాగుడు తక్కువ, ఎక్కడైనా దొరుకుతుంది. దీని చెడ్డ గుణం ఒకటే. కోస్తూ ఉంటే గట్టిబడుతుంది. థ్రెడ్ వేసేటప్పుడు దాని సంగతి చూద్దాం.

303 అంటే 304కే గంధకం కలిపిన తమ్ముడు. థ్రెడ్ కోసే పనిముట్టు డై కింద వెన్నలా తెగుతుంది, థ్రెడ్ అద్దంలా వస్తుంది. కానీ ఆ గంధకమే వంచినప్పుడు పగుళ్ళు తెస్తుంది. కాబట్టి కడ్డీ రెండో చివర కాలర్, స్క్రూతో బిగించే రకమైతే 303 తీసుకోండి. చివరను ఎల్ ఆకారంలో వంచి బెల్ క్రాంకులో దూర్చే రకమైతే 304 తప్ప మరొకటి వద్దు. ఈ ఒక్క తేడా తెలియక ‘మంచి స్టెయిన్‌లెస్ కొన్నాను, అయినా వంపు దగ్గర విరిగింది’ అనేవాళ్ళు ఎక్కువ.

316 ఉప్పుగాలికి బాగా నిలుస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్ళలో ఉండేవాళ్ళకు ఆశ పుడుతుంది. గిటార్ గదిలో ఉండే వస్తువు, 304 చాలు. 316 డైకి జిగురులా అంటుకుంటుంది, ఆ తిప్పలు అనవసరం.

మెత్తటి ఇనుప బ్రైట్ బార్ తిన్నగా వస్తుంది, థ్రెడ్ చక్కగా పడుతుంది, చవక. ఒక్క వానాకాలానికే తుప్పు పొర. తుప్పు కడ్డీని బలహీనపరిచే లోపే థ్రెడ్‌ను గరుకు చేస్తుంది, ఆ గరుకు నైలాన్ నట్టును ఆకురాయిలా తినేస్తుంది. నూనె తుడిచి పెట్టుకునే ఓపిక ఉంటే సరే.

పియానో వైరు మీద మోజు వదులుకోవచ్చు. మామూలు హై స్పీడ్ స్టీల్ డై దానిమీద రెండు కడ్డీలకే మొండిబారుతుంది. పదునుగా వంచితే ఫట్‌మంటుంది. తుప్పూ పడుతుంది.

ఇత్తడి మెత్తన, సరిగ్గా పట్టుకోకుండా ఎత్తితేనే వంగుతుంది. కడ్డీకి కాదు గానీ, కడ్డీ చివర తిరిగే చిన్న బుషింగులకు ఇత్తడిని మించింది లేదు. స్టెయిన్‌లెస్ మీద స్టెయిన్‌లెస్ రాసుకుంటే ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి, ఇత్తడి మధ్యలో ఉంటే ఆ బాధ ఉండదు. అల్యూమినియం కడ్డీకి థ్రెడ్ అరిగిపోతుంది. టైటానియం బాగానే ఉంటుంది, ధర తగ్గ లాభం లేదు. దాని బిరుసు స్టెయిన్‌లెస్‌లో అరవై శాతమే. కార్బన్ ఫైబర్ కడ్డీకి థ్రెడ్ వేయలేం, వంచలేం. రెండు చివరలా లోహపు ముక్కలు జిగురుతో అతకాలి, రోజూ వేలసార్లు లాగే చోట ఆ అతుకును నమ్ముకోవాలి.

ఇక చాలామంది కట్టేవాళ్ళు వాడే చిట్కా. టిగ్ వెల్డింగ్ ఫిల్లర్ రాడ్లు, అంటే అతుకులో కరిగించి నింపే కడ్డీలు. వెల్డింగ్ సామాన్ల దుకాణంలో ఈఆర్308ఎల్ అని, 2.4 మిల్లీమీటర్లు, మీటరు పొడవు అని అడగండి. 304ను అతికించడానికి వాడే రాడ్డు కాబట్టి గుణాలు దానికి దగ్గరగానే ఉంటాయి. తిన్నని ముక్కలుగానే వస్తుంది. అయిదు కిలోల పెట్టెలో 140 దాకా ఉంటాయి, మనకు కావాల్సింది డజను. విడిగా ఇస్తారేమో అడగాలి. సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి బజారులో తిరిగే ఓపిక ఉంటే దొరక్కుండా పోదు. రెండు జాగ్రత్తలు. ఒకటి, రాగి రంగులో మెరిసేవి ఈఆర్70ఎస్ రకం, ఇనుము మీద రాగి పూత. డై పూతను గీసేయగానే లోపల తుప్పు మొదలు. రెండు, రాడ్డు చివర్లలో అంకెలు అచ్చుకొట్టి ఉంటాయి, అక్కడ కడ్డీ కాస్త చదునై ఉంటుంది. ఆ రెండు సెంటీమీటర్లు కోసేయకుండా థ్రెడ్ వేస్తే డై అక్కడే ఇరుక్కుంటుంది.

కొసరుగా ఇంకొకటి. స్టెయిన్‌లెస్ సైకిల్ చక్రం పుల్లలకు థ్రెడ్ కోసింది కాదు, అచ్చుల మధ్య దొర్లించి వేసింది. నునుపుగా, గట్టిగా ఉంటుంది, చివర వంపు కూడా తయారుగా వస్తుంది. కానీ పొడవు సాధారణంగా 30 సెంటీమీటర్లకు మించదు, థ్రెడ్ ఒక్క సెంటీమీటరే. కుడి మోకాలి మీటల పొట్టి కడ్డీలకు ప్రయోగం చేసుకోవచ్చు. సెట్టు మొత్తానికి కుదరదు.

థ్రెడ్

2.4 కడ్డీకి ఎం2.5 డై (2.5 మిల్లీమీటర్ల థ్రెడ్‌ది), పిచ్, అంటే థ్రెడ్‌లో చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం, 0.45 మిల్లీమీటర్లు. కడ్డీ డై కంటే 0.1 మిల్లీమీటరు సన్నం కాబట్టి థ్రెడ్ శిఖరాలు కొద్దిగా మొద్దుగా వస్తాయి. లోతులో 80 శాతం దాకా వస్తుంది, నైలాన్‌కు అది చాలు. అమెరికన్ గిటార్‌కు విడి నైలాన్ నట్లు తెప్పించుకునేవాళ్ళు మాత్రం ముందు నట్టు థ్రెడ్ ఏదో తేల్చుకోవాలి. ఎనిమిదో వంతు అంగుళం కడ్డీ అమెరికన్ కొలతల్లో అయిదో నంబరు థ్రెడ్‌కు సరిగ్గా సరిపోతుంది, 0.125 అంగుళాలే దాని బయటి కొలత. మూడో నంబరుకు బయటి కొలత 0.099, సన్న కడ్డీ 0.094. ఎం2.5 కడ్డీని నంబరు థ్రెడ్ నట్టులో బలవంతాన తిప్పితే తిరుగుతుంది, నెల రోజులు పట్టుకుంటుంది, ఆ తర్వాత జారుతుంది.

శ్రుతి ఎంత నెమ్మదిగా కదులుతుందో తేల్చేదీ ఈ పిచ్చే. 0.45 పిచ్‌లో ఒక చుట్టుకు మూడో తీగ మీద 27 సెంట్లు. అంగుళానికి 40 చుట్ల థ్రెడ్‌లో 38. సన్న పిచ్ చేతికి సుఖం.

వేసే పద్ధతి ఇది. కడ్డీ చివరను ఆకురాయితో గుండ్రంగా, శంఖంలా అరగదీయండి. లేతు చక్‌లోనో, వైస్‌లో చెక్క దవడల మధ్యో బిగించి చివర 35 మిల్లీమీటర్లు మాత్రమే బయటికి ఉంచండి, ఎక్కువ వదిలితే మెలితిరుగుతుంది. గంధకం ఉన్న కటింగ్ ఆయిల్ ధారాళంగా. అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి. డై ఒకసారి కోయడం మొదలుపెట్టాక ఆగి రుద్దకూడదు. స్టెయిన్‌లెస్ రుద్దిన చోటే గట్టిబడుతుంది, ఇక డై ఎక్కదు. మొత్తం 25 నుంచి 30 మిల్లీమీటర్లు చాలు. పదహారు కడ్డీలకు ఒక కొత్త డై కేటాయించండి. పదో కడ్డీ దగ్గర థ్రెడ్ చిరుగులు పడుతోందంటే డై పోయింది, చేతి బలంతో నెట్టుకు రావద్దు. అయ్యాక ఇత్తడి బ్రష్షుతో తుడిచి, పాత నైలాన్ నట్టు ఒకటి రెండుసార్లు ఎక్కించి దించండి. నట్టులోంచి తెల్లటి పొడి రాలితే థ్రెడ్ మీద ఇంకా బుర్రు (కోసినప్పుడు మిగిలే పదును చిరుగులు) ఉన్నట్టే.

నట్టు మీరే చేసుకుంటే నైలాన్ కడ్డీలో 2 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, లోపలి థ్రెడ్ కోసే ట్యాప్ వాడకుండా కడ్డీ థ్రెడ్‌నే దాని దారి అది చేసుకోనివ్వండి. ఆ బిగువే నట్టు తనంతట తాను తిరగకుండా కాపలా.

వంచే చివర

నట్టు తిప్పినప్పుడు కడ్డీ కూడా వెంట తిరిగితే శ్రుతి కదలదు. దాన్ని ఆపేది రెండో చివర ఉన్న ఎల్ వంపే. కాలు పొడవు 8 నుంచి 10 మిల్లీమీటర్లు, లోపలి వంపు వ్యాసార్ధం కడ్డీ మందమంత. వైస్ దవడ అంచును ఆకురాయితో ఆ మేరకు గుండ్రం చేసుకుని, చల్లగా, ఒకే ఊపులో వంచండి. కోణం తప్పితే వెనక్కి వంచి సరిచేయొద్దు. ఆ చోటు అప్పటికే గట్టిబడి ఉంటుంది, రెండోసారి వంపుకు కంటికి కనిపించని పగులు వస్తుంది, ఆరు నెలల తర్వాత వాయించే మధ్యలో తెగుతుంది. కడ్డీ ముందే కాస్త పొడవుగా ఉంచుకుంటే, కోసేసి మళ్ళీ వంచుకోవచ్చు. నిప్పులో కాల్చి వంచితే సులువే గానీ అక్కడ మెత్తబడి కొక్కెం నెమ్మదిగా తెరుచుకుంటుంది. అది 0.2 మిల్లీమీటర్లు తెరుచుకుంటే పన్నెండు సెంట్లు.

వంపు 90 డిగ్రీల కంటే కొద్దిగా ఎక్కువగా, 92 దాకా ఉంటే లాగినప్పుడు బుషింగులోంచి బయటికి జారదు. తక్కువుంటే జారుతుంది.

ఎండ

లోహాల మధ్య నిజంగా చెవికి వినిపించే తేడా ఏదైనా ఉంటే అది ఇదే, కానీ దీని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. 22 డిగ్రీల ఏసీ గదిలో శ్రుతి చేసి, 37 డిగ్రీల మధ్యాహ్నం బయట వాయించారనుకోండి. పదిహేను డిగ్రీల తేడా. ఒళ్ళు మేపుల్ చెక్కది. చెక్క నార వెంబడి డిగ్రీకి మీటరుకు సుమారు 4 మైక్రాన్లు పెరుగుతుంది, 304 కడ్డీ 17 పెరుగుతుంది. అర మీటరు మీద కడ్డీ చెక్కను దాటి 0.1 మిల్లీమీటరు పెరిగింది. పెడల్ ఆగే చోటు మారలేదు, కాబట్టి లాగుడు అంత తగ్గింది. పెడల్ స్వరం ఆరు సెంట్లు కిందికి. మామూలు ఉక్కు అయితే మూడున్నర, టైటానియం రెండు, ఇత్తడి ఏడు, అల్యూమినియం ఎనిమిదిన్నర.

తీగ కూడా వేడికి సాగుతుంది, మూడో తీగ ఒక్కటే ఇదే ఎండలో తొమ్మిది సెంట్లు దిగుతుంది. కానీ దాన్ని గిటార్ తలకాయ దగ్గర తీగ బిగించే మరతో వెంటనే సరిచేసుకుంటాం. ఖాళీ తీగలు సరిచేసుకున్నాక కూడా పెడల్ స్వరాలు దిగే ఉంటాయి, అదీ ఎడమ చివరి పెడల్ మీద ఎక్కువగా, పొట్టి కడ్డీలున్న మోకాలి మీటల మీద తక్కువగా. ఇలా పొడవును బట్టి తేడా కనిపిస్తే కారణం వేడే.

ఒళ్ళు అల్యూమినియం ఫ్రేము అయితే కథ తిరగబడుతుంది. ఫ్రేము డిగ్రీకి 23 మైక్రాన్లు పెరుగుతుంది, స్టెయిన్‌లెస్ 17. కడ్డీకంటే ఫ్రేమే ముందుంటుంది కాబట్టి ఎండకు పెడల్ స్వరం రెండున్నర సెంట్లు పైకి పోతుంది. ఇలాంటి ఒంటికి టైటానియం వేస్తే బాగుపడదు, ఇంకా దూరమవుతుంది. ఖరీదైన లోహం ఎప్పుడూ మెరుగైనదని అనుకోవడం ఇక్కడ దెబ్బ తింటుంది. అల్యూమినియం ఒంటికి 304 సరైన జోడీ. చెక్క ఒంటికి లెక్క ప్రకారం 430 స్టెయిన్‌లెస్ మంచిది, డిగ్రీకి పది మైక్రాన్లే, అంటే మూడు సెంట్ల లోపు. అయస్కాంతానికి అంటుకునే స్టెయిన్‌లెస్ అది. తిన్నని 2.4 ముక్కలుగా దొరకడమే కష్టం. దొరికితే వదలొద్దు, దొరక్కపోతే 304తో సరిపెట్టుకోండి.

బిగించడం

పదహారు కడ్డీలకు మీటరు ముక్కలు ఎనిమిది చాలు, ఒక్కోదాంట్లోంచి ఒక పొడుగుది, ఒక పొట్టిది. పాడయ్యేవాటికి ఇంకో నాలుగు కలిపి పన్నెండు కొనండి. బెల్ క్రాంకు రంధ్రం నుంచి చేంజర్ బయటి అంచుదాకా కొలిచి, వంపుకూ థ్రెడ్‌కూ 40 మిల్లీమీటర్లు కలిపి కోయండి. ముందు వంపు, తర్వాత పొడవు సరిచూసి థ్రెడ్. తలకిందులుగా చేస్తే థ్రెడ్ మొత్తం నట్టుకు అవతలో ఇవతలో తేలుతుంది.

కడ్డీ బెల్ క్రాంకు నుంచి ఫింగర్‌కు పక్కకు వాలకుండా పోవాలి. బెల్ క్రాంకును ఇరుసు మీద జరిపే వీలుంటుంది, కడ్డీని వంచి దారి మళ్ళించొద్దు. రెండు కడ్డీలు తాకక తప్పకపోతే ఒకదానికి రెండు సెంటీమీటర్ల హీట్ ష్రింక్ గొట్టం తొడగండి. లేకపోతే ఏదో ఒక స్వరం దగ్గర జుమ్మని మోగుతుంది, ఆ చప్పుడు తీగదనుకుని గంటలు వెతుకుతారు.

చివరగా సందు. పెడల్ వదిలేసి ఉన్నప్పుడు నైలాన్ నట్టుకూ ఫింగర్‌కూ మధ్య 0.3 మిల్లీమీటర్ల దాకా ఆట ఉండాలి. వేలితో కడ్డీని ఊపితే టిక్ టిక్ మనాలి. ఆట లేకుండా బిగిస్తే ఆ రోజుకు పెడల్ చురుగ్గా ఉంటుంది. రాత్రి చల్లబడగానే కడ్డీ చెక్కకంటే ఎక్కువ కుంచించుకుని ఫింగర్‌ను అది ఆనే చోటు నుంచి లేపేస్తుంది, ఖాళీ తీగే పైకి పోతుంది. అప్పుడు తలకాయ దగ్గర మర తిప్పితే, పొద్దున వేడెక్కాక అదే తీగ కిందికి దిగి ఉంటుంది. ఖాళీ తీగ పొద్దునొకలా రాత్రొకలా ఉంటే మర ముట్టుకోకండి, కుడి చివర నట్టును పావు చుట్టు వదులు చేసి, పెడల్ ఆగే స్టాప్ స్క్రూను అంత మేరకు జరిపి చూడండి.